పడినవారిని ఇంటికి తెచ్చుకున్నాక



ఎత్తు మీద నుంచి పడి దెబ్బలు తగిలినవారి గురించి ఈసారి రాస్తున్నాను. పడకుండా ఎలా జాగ్రత్తపడాలో చాలామంది చెబుతారు. చెప్పవలసిందే. నేను రాసేది ఆ తర్వాత సంగతి. ఆపరేషన్ అయి, కుట్లు వేసి, సిమెంటు కట్టు కట్టి, చేతికి మందుల సంచీ ఇచ్చి "ఇక ఇంటికి వెళ్ళవచ్చు" అన్నాక ఏం జరుగుతోంది?

ముప్పై ఏళ్ళుగా వార్డుల్లో తిరిగిన నర్సుగా నా అభిప్రాయం ఇది. పడ్డ మనిషి కోలుకోవడం సగం ఆసుపత్రిలో తేలుతుంది, మిగతా సగం ఇంట్లో మంచం పక్కన తేలుతుంది. మనం మాత్రం ఉన్న డబ్బు, ఓపిక, సెలవులు, చుట్టాల సాయం అన్నీ మొదటి సగానికే ఖర్చుపెట్టేసి, రెండో సగానికి వట్టి చేతులతో మిగులుతున్నాం. ఈ అలవాటు మారాలి.

మన దగ్గర ఎవరు పడుతున్నారు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. వారిలో నూటికి ఎనభై మందికి పైగా మనలాంటి పేద, మధ్యాదాయ దేశాలవారే. దెబ్బలతో బతికి బయటపడేవారు దానికి ఎన్నో రెట్లు ఉంటారు.

గోదావరి జిల్లాల్లో ఈ మాట వినగానే ముందు గుర్తొచ్చేది చెట్టు. అమలాపురం, రాజోలు, కొత్తపేట, పాలకొల్లు, నరసాపురం ప్రాంతాల్లో కొబ్బరి దింపు మీద బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికులు ఉన్నారు. యాభై, అరవై అడుగుల ఎత్తున వాన తడికి పట్టు జారితే మనిషి సాధారణంగా పాదాల మీదో, పిరుదుల మీదో పడతాడు. ఆ అదురు మడమల నుంచి వెన్నుపూస దాకా పోతుంది. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011 నుంచి యంత్రంతో చెట్టు ఎక్కడంలో శిక్షణ ఇస్తోంది. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో తాళ్ళు, బెల్టులు ఉన్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇవి మంచి పనులు. అయితే ఇప్పటికే పడి మంచాన ఉన్నవారికి ఇవి అక్కరకు రావు.

రెండోవారు పిల్లలు. పెంకుటిళ్ళ రోజుల్లో పిల్లవాడు అరుగు మీద నుంచి పడేవాడు. ఇప్పుడు ఊరూరా డాబాలు లేచాయి. పైన ఇంకో అంతస్తు వేస్తాం కదా అని పిట్టగోడ కట్టకుండా ఏళ్ళ తరబడి వదిలేస్తున్నారు. పాత ఇళ్ళ కిటికీలకు ఇనుప ఊచలు ఉండేవి. రాజమండ్రి, కాకినాడ, భీమవరం అపార్టుమెంట్లలో ఇప్పుడు పక్కకు జరిపే అద్దాల కిటికీలు వస్తున్నాయి, కొన్నింటికి ఊచలు ఉండవు. గాలి వస్తుందని మంచం కిటికీకి ఆనించి వేస్తారు. మూడేళ్ళ పిల్లకు ఆ మంచమే మెట్టు అవుతుంది. ఇవాళే మీ ఇంట్లో ఆ మంచం పక్కకు జరపండి.

మూడోవారు పరంజా మీద పనిచేసే తాపీ మేస్త్రులు, రంగులు వేసేవారు. వీళ్ళలో చాలామంది ఇంటికి సంపాదించే ఒక్కగానొక్క మనిషి.

ఎత్తేటప్పుడే సగం నష్టం

కోలుకోవడం గురించి రాస్తూ పడిన చోటు సంగతి చెప్పకుండా ఉండలేను. చెట్టు మీద నుంచి పడ్డ మనిషిని ఇద్దరు చంకల్లో చేతులు వేసి లేపి, ఆటోలో ముడిచి కూర్చోబెట్టి తెస్తారు. ప్రేమతోనే చేస్తారు. కానీ విరిగిన వెన్నుపూస లోపల నరాల తాడు అప్పటికి తెగకపోయినా, ఆ కుదుపుకి నలిగిపోవచ్చు.

పడినవారిని కూర్చోబెట్టకండి, నీళ్ళు తాగించకండి. 108కి ఫోన్ చేయండి. బండి రాదనుకుంటే తలుపు చెక్కో, బల్లో తెచ్చి, ఒకరు తల, మెడ కదలకుండా పట్టుకుని, మిగతా ముగ్గురు నలుగురు ఒకేసారి దుంగను దొర్లించినట్టు దాని మీదకు చేర్చండి. అలాగే పడుకోబెట్టి తీసుకురండి.

అసలు ప్రాణం తీసేది ఏది

వెన్ను విరిగి కాళ్ళు చచ్చుబడినవారి గురించి మన ఊళ్ళలో ఒక మాట ఉంది. "నడుం పోయింది, ఇంకెన్నాళ్ళు బతుకుతాడులే" అంటారు. ఆ మాట రోగి చెవిన పడుతుంది. అది నిజం కాదు. నడుము విరగడం వల్ల కాదు, ఆ తర్వాత వచ్చే పడకపుండు వల్ల, మూత్రంలో చేరే చీము వల్ల చాలామంది పోతారు. ఈ రెండూ చాలావరకు ఆపగలిగినవే.

దీనికి చరిత్ర సాక్ష్యం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నెముకకు గాయమైన సైనికుల్లో చాలామంది కొద్ది కాలానికే చనిపోయారు. 1944లో ఇంగ్లాండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే వైద్యుడు అలాంటివారి కోసం ఒక వార్డు తెరిచారు. ఆయన పెట్టిన మొదటి నియమాల్లో ఒకటి, రాత్రీ పగలూ రెండు గంటలకోసారి రోగిని పక్క మార్చడం. మూత్రం సంగతి శుభ్రంగా చూడటం, మంచం మీద ఊరికే ఉంచకుండా పని చేయించడం, ఆటలు ఆడించడం మిగతావి. కొత్త మందులూ తోడయ్యాయి. కానీ రెండు గంటలకోసారి పక్క మార్చింది నర్సుల చేతులు, అటెండెంట్ల చేతులు. పోతారనుకున్నవాళ్ళు బతికారు. 1948లో లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే అదే ఆసుపత్రి ఆవరణలో చక్రాల కుర్చీల్లో కూర్చుని విలువిద్య పోటీలో పాల్గొన్నారు. నేటి పారాలింపిక్స్‌కి మూలం అదే.

మనకు ఇంకా దగ్గరి సాక్ష్యం వేలూరులో ఉంది. మన జిల్లాల నుంచి కాట్పాడి స్టేషన్‌లో దిగి వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్ళినవారు మన సంఘాల్లోనూ ఉన్నారు. అక్కడి యువ వైద్యురాలు మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నడక కోల్పోయారు. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. అమెరికా వెళ్ళి పునరావాస వైద్యం నేర్చుకుని తిరిగి వచ్చారు. 1966లో వేలూరులో అలాంటి రోగులకోసం పునరావాస కేంద్రం మొదలైంది. 1972లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. ఆ కేంద్రం నుంచి ఇంటికి వెళ్ళినవారు రిహాబ్ మేళాకి మళ్ళీ వేలూరు వస్తారు. ఒకరినొకరు చూసుకుంటారు, పరీక్షలు చేయించుకుంటారు, ఆటలు ఆడుకుంటారు. డిశ్చార్జి అయినవారితో ఆసుపత్రికి సంబంధం తెగకూడదని చెప్పే పద్ధతి అది. దెబ్బ తగిలిన ఏడాదే కాదు, ఆ తర్వాత కూడా ఏటా ఒకసారి మూత్రపిండాలు, చర్మం చూపించుకోవాలి.

మంచం దగ్గర చేయవలసిన పని

కాళ్ళలో స్పర్శ లేని మనిషిని ఇంటికి తెచ్చుకున్నవారు ఈ భాగం కత్తిరించి గోడకు అంటించుకోండి.

పడకపుండు. మనకు ఒకే వైపు పడుకుంటే నొప్పి పుడుతుంది, నిద్రలోనే తిరుగుతాం. స్పర్శ లేనివారికి ఆ కబురు అందదు. ఎముక కింద చర్మం నలిగి, రక్తం ఆడక చస్తుంది. తోకఎముక, తుంటి, మడమ, చీలమండ, ఈ నాలుగు చోట్లు ముఖ్యం. రెండు గంటలకోసారి పక్క మార్చండి. లాగకండి, ఎత్తి మార్చండి, లాగితే చర్మం ఒరుసుకుపోతుంది. మోకాళ్ళ మధ్య దిండు, మడమలు గాలిలో ఉండేట్టు పిక్కల కింద దిండు పెట్టండి. దుప్పటిలో ముడత, తడి ఉండకూడదు. పొద్దున్న, సాయంత్రం వెలుగులో ఒంటి వెనక అంతా చూడండి. రోగి తనకు తానే అద్దంలో చూసుకోవడం నేర్చుకోవాలి. ఎర్రగానో, మన రంగు ఒంటి మీద కమిలిన నలుపుగానో మచ్చ కనబడి, వేలితో నొక్కినా పోకపోతే, అది పోయేవరకు ఆ వైపు బరువు వేయకండి. దాన్ని రుద్దకండి. పిరుదుల కింద గాలి ట్యూబు పెట్టకండి, చుట్టూ ఒత్తి మధ్యలోకి రక్తం రానివ్వదు. పుండు పడితే పసుపు, కాఫీపొడి, బూడిద చల్లకండి. రెండు రూపాయల నాణెమంత ఉన్నప్పుడే మాకు చూపించండి.

వేడి. కాపడం పెట్టకండి. వేడినీళ్ళ సీసా, ఇటుక వేడి, పొయ్యి దగ్గర కాళ్ళు చాపి కూర్చోవడం ఏవీ వద్దు. చర్మం కాలి బొబ్బలెక్కినా వారికి తెలియదు. స్పర్శ లేని పాదం ఎలా పుండ్లు పడుతుందో వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల్లో కనిపెట్టి లోకానికి చెప్పారు. నొప్పి మనిషికి కాపలాదారు. అది లేనప్పుడు ఇంట్లోవారు కాపలా కాయాలి.

మూత్రం. గొట్టం ఉంటే సంచీ ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందుగా, నేలకు తగలకుండా వేలాడాలి. గొట్టం మడత పడకూడదు. డాక్టరుగారు వద్దంటే తప్ప రోజుకు రెండున్నర, మూడు లీటర్ల నీళ్ళు తాగించాలి. పక్క తడుస్తుందని నీళ్ళు తగ్గించడం మన ఇళ్ళలో ఎక్కువ. అదే చీముకు, రాళ్ళకు దారి. చలిజ్వరం, మూత్రం మడ్డిగా, కంపుగా రావడం కనిపిస్తే ఆగకండి. కొందరికి శాశ్వతంగా గొట్టం అక్కర్లేదు. సబ్బుతో చేతులు కడుక్కుని, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సన్నని గొట్టం వేసి తీసేసుకునే పద్ధతి నేర్చుకోవచ్చు. అది రోగికి సగం స్వాతంత్ర్యం.

విరేచనం. రోజూ కాకపోతే రోజు విడిచి రోజు, ఒకే వేళకు అలవాటు చేయాలి. పళ్ళు, ఆకుకూర, నీళ్ళు కావాలి. పది రోజులు గట్టిపడ్డాక తేవద్దు.

కీళ్ళు. రోజుకు రెండుసార్లు చీలమండ నుంచి తుంటి దాకా ప్రతి కీలూ మెల్లగా ఆడించాలి. పాదం కిందకు వాలిపోకుండా దిండు ఆనించాలి. ఒక పిక్క మాత్రమే వాచి వేడిగా ఉంటే మర్దనా చేయకండి, నరంలో గడ్డ కట్టి ఉండవచ్చు. వెంటనే తీసుకురండి.

ఇంకొక ప్రమాదం. రొమ్ము మట్టానికి పైన వెన్ను దెబ్బతిన్నవారికి ఉన్నట్టుండి తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు వస్తే రక్తపోటు ప్రమాదకరంగా పెరిగిందని అర్థం. వెంటనే లేపి కూర్చోబెట్టండి, బట్టలు వదులు చేయండి, మూత్రం గొట్టం మడత పడిందేమో చూడండి, ఆసుపత్రికి బయలుదేరండి.

"సిస్టరమ్మా, మా ఆయన పడ్డాక నేనే కూలికి వెళ్ళాలి. రాత్రి రెండు గంటలకోసారి లేస్తే పొద్దున్న నాట్లకు ఎలా వంగేది?" అని ఒక తల్లి నన్ను అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఒక్క మనిషికి అది సాధ్యం కాదు. అందుకే డిశ్చార్జికి ముందే ఇద్దరు మనుషులు వార్డులో మా సిస్టర్ల దగ్గర ఈ పనులు చేతులతో చేసి నేర్చుకోవాలి. ఒకరు ఆడమనిషి, ఇంకొకరు మగమనిషి అయితే మంచిది. రోగి చేతుల్లో బలం ఉంటే మంచానికి తాడు కట్టించండి, దాన్ని పట్టుకుని తనే తిరగడం నేర్చుకుంటాడు. మంచి పరుపు కొంటే, చర్మం తట్టుకోవడం చూసి, రాత్రి వేళల్లో ఆ గడువు మెల్లగా పెంచుకోవచ్చు. అది మీ అంతట మీరు కాదు, మమ్మల్ని అడిగి చేయాలి.

పిల్లల చెయ్యి, పెద్దల తల

పిల్లలు పడినప్పుడు తరచుగా విరిగే చోట్లలో మోచేతి పైభాగం ఒకటి. ఈ విరుపు చిన్నదిగా కనిపిస్తుంది కానీ, ఆ చోటనే చేతికి రక్తం తెచ్చే నాళం ఉంటుంది. బిగుతుగా కట్టు కడితే రక్తం ఆగి, కొన్ని గంటల్లోనే కండరం చస్తుంది. వేళ్ళు ముడుచుకుపోయి జీవితాంతం కొక్కెంలా మిగులుతాయి. నాటు కట్టు అయినా, ఆసుపత్రి సిమెంటు కట్టు అయినా పరీక్ష ఒక్కటే. వేళ్ళు చల్లబడినా, నీలంగా మారినా, మొద్దుబారినా, వేళ్ళు చాపితే పిల్లవాడు కెవ్వుమన్నా, తెల్లవారేదాకా ఆగకండి. అర్ధరాత్రి అయినా రండి. కట్టు వదులు చేయించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కట్టు తీశాక మోచెయ్యి బిగుసుకుని ఉంటుంది. తొందరపడి నూనె రాసి తోమించడం, బలవంతంగా లాగించడం మన అలవాటు. తోమిన కొద్దీ కండరంలో ఎముక పెరిగి మోచెయ్యి శాశ్వతంగా బిగుస్తుంది. పిల్లవాడిని తనంతట తానే ఆడించనివ్వండి, అన్నం ఆ చేత్తో తిననివ్వండి.

తలకు దెబ్బ తగిలిన పిల్లవాడిని ఇంటికి పంపితే మొదటి రెండు రోజులు కనిపెట్టి ఉండాలి. పదేపదే వాంతులు, లేపినా లేవని మగత, ఫిట్స్, ముక్కులోంచో చెవిలోంచో నీరు, ఒక కంటిపాప పెద్దదిగా కనిపించడం, వీటిలో ఏది వచ్చినా వెంటనే తీసుకురండి. ఆ తర్వాత వారాల్లో తలనొప్పి, చిరాకు, మతిమరుపు, చదువు మీద మనసు నిలవకపోవడం ఉండవచ్చు. బడిలో మాస్టారుకు ఆ సంగతి చెప్పండి. మొండివాడని కొట్టకండి. ఆటలకు తొందరపడి పంపకండి. రెండో దెబ్బ మొదటిదానికంటే ప్రమాదం.

పెద్దవారికి ఇంకో చిక్కు ఉంది. బాత్‌రూములో జారి తల తగిలితే "ఏం కాలేదమ్మా" అంటారు. రెండు మూడు వారాల తర్వాత మాట తడబడటం, నడక తూలడం, పగలంతా నిద్ర మొదలవుతుంది. వయసు మీదపడిందని సరిపెట్టుకుంటారు. తల లోపల మెల్లగా రక్తం చేరి ఉండవచ్చు. రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి ఈ ముప్పు ఎక్కువ. స్కానింగ్ తీస్తే తెలుస్తుంది, సకాలంలో తీసేస్తే మళ్ళీ మామూలు మనిషి అవుతారు.

ఫిట్స్ మాత్రల గురించి ఒక మాట. స్వస్థత కూటానికి వెళ్ళి వచ్చాక మాత్రలు మానేశామని కొందరు చెబుతారు. నేనూ ప్రార్థన చేసే మనిషినే, ప్రతి డ్యూటీకి ముందు చేస్తాను. మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కాదు. మందు తగ్గించవలసింది రాసిన డాక్టరుగారే.

సంఘం చేయగలిగినది

ఎవరైనా పడితే మన సంఘంవారు కదిలి వస్తారు. మొదటి వారం వార్డు బయట చెప్పులు విడవడానికి చోటు ఉండదు. హార్లిక్సు సీసాలు, యాపిల్ పళ్ళు కిటికీ గట్టు నిండుతాయి. చందాలు పోగవుతాయి. మూడో నెలలో ఆ ఇంటికి వెళ్ళి చూస్తే గుమ్మంలో ఒక్క జత చెప్పులు ఉండవు.

కిటికీలోనుంచి పడ్డ మనిషి బైబిలులోనూ ఉన్నాడు. అపొస్తలుల కార్యములలో ఐతుకు అనే యువకుడు పౌలు ప్రసంగం వింటూ నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. ఆ రాత్రే బతికి లేచాడు. మనందరికీ ఇష్టమైన కథ. పడినవారిలో మరొకడు మెఫీబోషెతు. అయిదేళ్ళ వయసులో దాది ఎత్తుకుని పారిపోతుండగా పడి రెండు కాళ్ళూ పోగొట్టుకున్నాడు. అతని కాళ్ళు బాగయ్యాయని ఎక్కడా రాసి లేదు. దావీదు రాజు అతనికి ప్రతిరోజూ తన భోజనపు బల్ల దగ్గర చోటు ఇచ్చాడని రాసి ఉంది. మనం ప్రతి రోగీ ఐతుకులా లేస్తాడని ఎదురుచూస్తాం. లేవకపోతే నిరుత్సాహపడి దూరమవుతాం. వార్డులో నేను చూసేవారిలో మెఫీబోషెతులే ఎక్కువ. వారికి కావలసింది బల్ల దగ్గర రోజూ చోటు.

కనుక నా విన్నపం. మొదటి వారం యాభై మంది రావద్దు. పదిమంది పేర్లు రాసుకుని ఆరు నెలలు వంతులు వేసుకోండి. స్త్రీల సమాజంవారు మధ్యాహ్నం రెండు గంటలు కూర్చుంటే ఆ ఇల్లాలు నిద్రపోతుంది. యౌవనస్థుల్లో ఒకరు ఫలానా తేదీన ఆటో మాట్లాడి ఆసుపత్రికి తీసుకురావచ్చు. చందాలో మూడో వంతు విడిగా ఉంచి పరుపుకో, చక్రాల కుర్చీకో, ప్రయాణానికో వాడండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, తర్వాత పేర్లు మారినా, పేదవారికి ఆపరేషన్ భారం చాలా తగ్గించింది. కానీ ఇంటి దగ్గర రాత్రి మేలుకునే మనిషికి ఏ కార్డూ కూలి ఇవ్వదు. ఆ కూలి మన సంఘం ఇవ్వగలదు.

చదువుకున్నవారు కాగితాల పని చూడండి. సదరం శిబిరానికి స్లాటు తీసుకుని వికలాంగ ధ్రువపత్రం ఇప్పించండి. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవారికి 15,000 రూపాయలు అయింది. ఆ సొమ్ముతో ఒక ఇల్లు నిలబడుతుంది. కాగితం లేక అది అందనివారు మన మధ్యే ఉన్నారు.

లంక గ్రామాలవారికి ఒక హెచ్చరిక. 2022 జూలై వరదల్లో లంకలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. మంచాన మనిషి ఉన్న ఇల్లు వరదలకు ముందే నెలకు సరిపడా మాత్రలు, గొట్టాలు, సంచులు తెచ్చిపెట్టుకోవాలి. పడవ ఎక్కించేటప్పుడు మొదటి పడవలో ఆ మనిషే ఉండాలి.

మా వంతు

ఇళ్ళవారికి, సంఘానికి చెప్పి ఆసుపత్రులను వదిలేస్తే న్యాయం కాదు. డిశ్చార్జి కాగితం మీద ఎవరికీ అర్థంకాని అక్షరాలతో "నెల తర్వాత రావలెను" అని రాసి ఇస్తే సరిపోదు. ప్రతి ఆసుపత్రీ మంచి తెలుగులో, పెద్ద అక్షరాలతో ఏ రోజు ఏం చేయాలో రాసి ఇవ్వాలి. ఇంటివారు ఆ పని చేసి చూపించాకే పంపాలి. రానివారికి ఫోన్ చేయాలి. ఎందుకు రాలేదని కోప్పడటం కాదు, రావడానికి ఏమి అడ్డమని అడగాలి. చాలాసార్లు జవాబు ఆటో డబ్బులు, లేదా సిగ్గు. పుండు పడిందని తిడతారేమో అని భయపడి దాచుకుంటారు. ఆ భయం పోగొట్టడం మా పని. ఏ వార్డులోనైనా మీకు కటువుగా జవాబు వస్తే నా గదికి రండి.

రోగి మనసు గురించి కూడా చెప్పాలి. నలభై ఏళ్ళ మనిషి, ముప్పై చెట్లు ఎక్కి దిగినవాడు, తన పక్క ఇంకొకరు శుభ్రం చేస్తుంటే గోడవైపు తిరిగి పడుకుంటాడు. అన్నం మానేస్తాడు. "నేను పోతే మీకు పీడ వదులుతుంది" అంటాడు. అది తేలిగ్గా తీసుకునే మాట కాదు. డాక్టరుగారితో చెప్పండి, దానికీ వైద్యం ఉంది. భార్యాభర్తల సంగతులు, పిల్లలు పుట్టే సంగతి కూడా అడగవచ్చు, తప్పు లేదు. ఇంటి లెక్కలు, పిల్లల చదువు, పొలం కౌలు సంగతి ఆయననే అడగండి. కాళ్ళు పోయాయి గాని ఇంటి పెద్దరికం పోలేదు.

ఈ పత్రిక చదువుతున్న మీ వీధిలో కూడా అలాంటి మంచం ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడికి వెళ్ళండి. వెళ్ళినవారు "ఎలా ఉన్నావు" అని అడిగి వచ్చేయకుండా, "ఈసారి చూపించుకోవలసిన తేదీ ఎప్పుడు, ఎవరు తీసుకెళ్తున్నారు" అని అడగండి. ఎవరూ లేరంటే ఆ తేదీ మీ క్యాలెండరులో రాసుకోండి. ఆ రోజు మా ఓపీ దగ్గర మీ ఇద్దరి కోసం చూస్తుంటాం.

- నర్సింగ్ సూపరింటెండెంట్